పదహారు బెజ్జాలు

ఆ పొద్దు తెల్లవారకముందే మబ్బు వచ్చి ప్రొద్దుటూరు మీద కూర్చుంది. మూడు రోజులుగా అదే తంతు. తూర్పు నుంచి రావడం, మిద్దెల మీద నల్లగా వంగడం, రెండు చినుకులు రాల్చి పెన్న వెంబడి జమ్మలమడుగు వైపు వెళ్లిపోవడం. కడిగిన బండి మీద ఆ రెండు చినుకులే మచ్చలు పెడతాయి. నబీ రసూల్ బకెట్ పక్కన నిలబడి కాసేపు పైకి చూశాడు. ఎట్లయితే అట్లవుతుందని గుడ్డ పిండాడు.

యోగానంద బట్టల అంగడి వెనక సందులో, ఆయన ఇంటి ముందర, పద్నాలుగేళ్లుగా ఆ ఇంటి డ్రైవరుగా అతను బండి కడుగుతున్నాడు. బయట పని అయ్యాక లోపలికి వచ్చేవాడు. సీట్లు దులిపి, కాళ్ల కింది పట్టాలు విదిలించి, చివరికి మీటరు అద్దం తుడిచేవాడు. ఆ అద్దం మీద ఎడమవైపు మూలన ఒక బొట్టు ఉంది. దసరాకు ఆయుధపూజ నాడు యోగానంద భార్య రమణమ్మ పెట్టింది. ఆ రోజు పెట్టిన వాటిలో బానెట్ మీదివి, చక్రాల మీదివి వానకు పోయాయి. లోపలిది కాబట్టి ఇదొక్కటి మిగిలింది. పసుపు, గంధం కలిపి మందంగా అద్ది నడుమ కుంకుమ పెట్టింది. ఎండి రూపాయి బిళ్లలా గట్టిపడింది. నబీ రసూల్ చూపుడువేలికి తడిగుడ్డ చుట్టి దాని అంచు తగలకుండా చుట్టూ తుడిచాడు. ముప్పై ఎనిమిది రోజులుగా అట్లాగే తుడుస్తున్నాడు. ఒకరు నమ్మి పెట్టిన గుర్తును ఇంకొకరు చెరపకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

యోగానంద కొడుకు పవన్‌కుమార్ నోట్లో బ్రష్షుతో వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, తాళం తిప్పి మీటరు ఫోటో తీసుకున్నాడు. వారం కిందట పెట్రోలు ట్యాంకుకు తాళం ఉండే మూత కొని బిగించాడు. దాని తాళంచెవి అతని జేబులో ఉంటుంది.

"నిన్నటికి ఇంకా దిగింది" అన్నాడు నురుగు ఉమ్మేసి. "బండి తాగుతాందా, మనుషులు తాగుతాండారా, నాకైతే అర్థం కావడంల్యా."

"నేనూ అదే చెప్తాండా కదప్పా. గాలి ఫిల్టరు మార్చినా. టైర్లు సూసుకున్నా. యాడా కారేది గూడా లేదు. అయినా మైలేజీ ఇయ్యడంల్యా."

"తాళమేసినంక గూడా దిగుతాందంటే, ఆ తాళానికి మారుచెవి యాడన్నా ఉండాదేమో."

నబీ రసూల్ గుడ్డను బకెట్‌లో ముంచాడు. ముంచిన గుడ్డను పిండకుండా అట్లాగే పట్టుకున్నాడు. ఒకటో తరగతి నుంచి ఈ పిల్లవాణ్ని బడికి దించింది అతనే. అప్పటి నుంచి మామా అని పిలిచేవాడు. ట్యాంకుకు మూత బిగించిన రోజు నుంచి ఏ పిలుపూ లేదు.

ముందటి రాత్రి ఇంట్లో అతని భార్య అఖ్తర్ బీ కూడా ఈ మాటే ఎత్తింది. పని మానుకో, కువైట్ నుంచి కొడుకు అన్సర్ పంపే దాంతో గడుస్తుంది అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు మానుకుంటే వాళ్లు అనుకున్నది నిజమైపోతుంది. పేరు బాగుపడేదాకా ఈ బండి దిగేది లేదు.

రమణమ్మ రెండు పెద్ద క్యారియర్లు, ఒక చీరల సంచీ, పసుపుకుంకాల డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. కూతురు వనితకు ఏడో నెల. పులివెందులలో అత్తవారింట ఆ రోజు ఒడి నింపాలి. పదకొండులోపల ముహూర్తం.

"రసూలూ, నిదానంగా పోనీ, గానీ లేటు సేయొద్దు" అంది.

"రెండూ ఒకసారి ఎట్లమ్మే?" అని యోగానంద ముందు సీట్లో కూర్చుంటూ అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆ వారంలో ఆ బండిలో వినపడిన నవ్వు అదొక్కటే.

జమ్మలమడుగు దాటి ముద్దనూరు దారి పట్టినాక బండి బరువెక్కింది. నబీ రసూల్ కాలికి ముందు తెలిసింది. యాక్సిలరేటరు తొక్కుతున్నాడు, ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం ఎడ్లు మొరాయించిన మాదిరి వెనక్కు లాగుతోంది. కింది నుంచి మురిగిన గుడ్డు వాసన వచ్చింది. చిన్న మిట్ట ఎక్కేసరికి ఒకసారి దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే అందుకుంది గానీ నడక మాత్రం లేదు.

దారిన పోయే ట్రాక్టరు అతను మోకు కట్టి జమ్మలమడుగుకు లాగాడు. ఊరి మొదట్లోనే రేకుల షెడ్డు. అబ్దుల్ సలాం అని, ఇరవై రెండేళ్లు కువైట్‌లో మెకానిక్‌గా చేసి వచ్చినవాడు. తెల్లగడ్డం, నల్లటి చేతులు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సైలెన్సర్ గొట్టం కొసన వేలు పెట్టి తీసి మసి చూశాడు. తర్వాత అలమర నుంచి అరచేతికి కొంచెం పెద్దదైన పెట్టె ఒకటి తెచ్చాడు. దానికి వైరు, వైరు కొసన వెడల్పాటి ముక్కు.

"మేస్త్రీ, ఇది కంపెనీవాళ్లు సూడాల్సిన బండి. నీ పెట్టెకు తెలుస్తాదా?" అన్నాడు యోగానంద, గడియారం చూసుకుంటూ.

"ఇది ఏ కంపెనీ పెట్టె గాదన్నా. అందుకే అన్ని కంపెనీల మాటా తెలుస్తాది." సలాం స్టీరింగ్ కిందికి వంగి, చేత్తో తడిమి ఆ ముక్కు గుచ్చాడు. "ఈడ సూడు. రెండు వరసలు, పదహారు బెజ్జాలు. సొట్టబండి గానీ, కోటి రూపాయల బండి గానీ, ఇదే కొలత, ఇదే తావు. డ్రైవరు మోకాళ్లకాడ."

పెట్టె వెలగడానికి కొంచెం సేపు పట్టింది. వైరు బయటికి లాక్కుని సలాం బానెట్ దగ్గర నిలబడి చదివాడు. యోగానంద పక్కకు వచ్చాడు. నబీ రసూల్ రెండడుగుల దూరంలో ఆగాడు.

"ఇంజన్ ఊపిరి చూసే సెన్సరు ఒకటుంటాది, పొగ గొట్టంలో. అది చెడింది" అన్నాడు సలాం. "పెట్రోలు సాలలేదు, సాలలేదు అని అది దొంగసాక్ష్యం చెప్తాంది. ఇంజనేమో నమ్మి ఊరికే పోస్తాంది. ఆ కాలని పెట్రోలంతా ఎనక పొగను శుభ్రం చేసే డబ్బాలోకి పోయి మండి, దాన్ని కరిగించి మూసేసింది. పొగ పోను దారి లేక బండి ఆగింది."

"అంటే పెట్రోలు తాగింది..."

"బండే తాగిందన్నా. ఇంగెవురు తాగుతారు, ఈ కాలం పెట్రోలు?"

నబీ రసూల్ భుజం మీది తువ్వాలు తీసి మొహం మొత్తం తుడుచుకున్నాడు. తీసేసరికి చాలాసేపైంది. వెనక సీట్లోంచి రమణమ్మ అతని వైపే చూస్తోంది. ఆమె మొహంలో పండగ కనబడింది.

యోగానంద గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయాడు. సలాం ఇంకా చదువుతూనే ఉన్నాడు.

"వెయ్యిన్ని ఎనిమిది వందల నలభై కిలోమీటర్లు" అన్నాడు.

"ఏంది?"

"ఇట్లా చెడిపోతే మీటరులో పసుపుపచ్చ దీపం వెలుగుతాది, ఇంజన్ బొమ్మది. అది వెలిగినంక బండి ఎంత దూరం తిరిగిందో గూడా రాసిపెట్టుకుంటాది. దీపం సూసిన పొద్దే తెచ్చుంటే ఆ సెన్సరొక్కటి మార్చి పంపించేవాణ్ని. ఇప్పుడు డబ్బా గూడా పోయింది."

యోగానంద నబీ రసూల్ వైపు తిరిగాడు. పెట్రోలు దొంగని అనుమానించిన వారంలో కూడా ఆయన అట్లా చూడలేదు. అప్పుడు చూపు తప్పించేవాడు. ఇప్పుడు నేరుగా చూశాడు.

"ముప్పై ఏండ్ల డ్రైవరీ అంటావు. పద్దెనిమిది వందల కిలోమీటర్లు దీపం మొగానికెదురుగా వెలుగుతాంటే కండ్లు యాడ పెట్టినావు?"

"నాకు కనపడలేదన్నా."

"కనపడలేదంట! రేపు ఇంటి ఆడోళ్లు కూసున్నప్పుడు లారీ గూడా కనపడదు." ఆయన క్యారియర్లు దించమని చేత్తో చూపించాడు. "మాకు బాడుగ బండి పిలిపియ్ మేస్త్రీ, ముహూర్తం పోతాది. నువ్వు ఈడనే ఉండి బండి బాగుచేయించు రసూలూ. రేపు ఇంటికి తెచ్చి తాళం ఇచ్చేసి పో. ఇంగ రావాల్సిన పని లేదు."

రమణమ్మ "ఏమండీ" అంది. ఆయన వినిపించుకోలేదు. బాడుగ కారు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి ఒక పొట్లం అందించింది. ఎప్పుడు ఊరికి పోయినా ఆమె అతనికి విడిగా పొట్లం కడుతుంది. అతను బండి వెనక డోరు తెరుచుకుని కూర్చుని తినేవాడు. ఆ పొద్దు పొట్లం విప్పలేదు.

మధ్యాహ్నమంతా అతను సలాంతో పాటు బండి కిందే ఉన్నాడు. తుప్పు పట్టిన బోల్టుల మీద నూనె పోయడం, అవి నానేదాకా ఆగడం, స్పానరు మీద ఇద్దరూ బరువు వేయడం. డబ్బా ఊడి వచ్చాక సలాం దాన్ని వెలుతురుకు ఎత్తి చూపాడు. తేనెపట్టులా ఉండాల్సిన సన్న రంధ్రాలు కరిగి బెల్లం పాకంలా ముద్దకట్టాయి.

"కడపకు ఫోన్ చేసినా. పొద్దున్నే బస్సుకు ఏసి పంపుతారు" అన్నాడు సలాం, టీ గ్లాసు అందిస్తూ. "ఈ పెట్టె లేకుంటే బండిని కడపకో తిరపతికో లాక్కపోవాల్సింది. ఆడ వాళ్లు నెల రోజులు పెట్టుకుందురు. పెట్రోలు సంగతి ఎవురూ తేల్చకపోదురు."

"నువ్వు కువైట్ పోయినప్పటి నుంచీ ఉండాదా ఇది?"

"యాడిది! నేను పోయిన కొత్తలో కంపెనీకొక ముక్కు. నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు అలమర నిండా ముక్కులే. ఒకదానికి మూడు బెజ్జాలు, ఒకదానికి పన్నెండు, ఒకటి గుండ్రం. కొన్నింటికి పెట్టె గూడా లేదు, రెండు బెజ్జాలు తీగముక్కతో కలిపి, దీపం ఎన్నిసార్లు మినుకుతాదో లెక్కపెట్టాల. ఒక బండికి మూడు మినుకులంటే ఒక రోగం, ఇంకో బండికి ఇంకోటి. తర్వాత అమెరికా బండ్లు వచ్చినాయి, ఒకటే ముక్కుతో. ఉస్తాద్ ఆ పొద్దు అలమర తెరిచి నవ్వినాడు సూడు, ఇప్పుడూ యాదికొస్తాది."

"ఎవురు పెట్టినారు, అన్నిటికీ ఒకటే ముక్కు అనే రూలు?"

"ఆడెక్కడో ఒక పట్నంలో బండ్ల పొగకు ఎదురుగా ఉండే కొండలు గూడా కనపడకుండా పోయినాయంట. పిల్లోళ్లకు దగ్గులు. సర్కారోళ్లు చెప్పినారంట, బండి చెడి పొగ పెంచితే అదే దీపం వెలిగించి చెప్పాల, ఎవురడిగినా ఒకే మాటగా చెప్పాల అని. కంపెనీలోళ్లు గొణుక్కున్నారు, అయినా పెట్టినారు. నిదానంగా మన దేశానికీ వచ్చింది."

నబీ రసూల్ టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని ఆ మాట నములుకున్నాడు. ఎవరో, ఎక్కడో, తమ కొండలు కనపడలేదని పట్టుబట్టారు. దానికి ఈ పొద్దు జమ్మలమడుగు రేకుల షెడ్డులో తన మీది దొంగతనం పోయింది. వాళ్ల పేర్లు తెలిస్తే నమాజులో చెప్పుకునేవాడు.

"అయినా నాకొకటి తెలియడంల్యా రసూల్ భాయ్" అన్నాడు సలాం. "పెట్టె దీపం వెలుగుతాందంటాంది. పొద్దున నేను సూసినా, నాకూ కనపడలేదు. బల్బు పోయిందో ఏమో."

ఇద్దరూ లేచి బండి దగ్గరికి వెళ్లారు. సలాం తాళం తిప్పాడు. మీటరులో ఎర్రవి, పచ్చవి వెలిగాయి. పసుపుపచ్చది లేదు. నబీ రసూల్ స్టీరింగ్ పక్కకు తల వాల్చి ఓరగా చూశాడు. ఎడమ మూలన బొట్టు అంచు చుట్టూ సన్నగా, దారం పోగంత వెలుగు.

అతను సీట్లో కూర్చుని, తిరిగిన ఊళ్లు గుర్తు చేసుకున్నాడు.

వేళ్ల గణుపుల మీద వెనక్కు లెక్కపెట్టాడు, తస్బీ పూసలు తిప్పినట్టు. నిన్న ఖాజీపేట, అంతకుముందు కడప రెండుసార్లు, పెండ్లిమర్రిలో పెళ్లి, మళ్లీ కడప. ఒక్కో గణుపుకు ఒక్కో ఊరు, దాని దూరం. పద్దెనిమిది వందల నలభై వచ్చేసరికి వేలు బ్రహ్మంగారిమఠం మీద ఆగింది. దసరా అయిన వారానికి రమణమ్మను మఠానికి తీసుకుపోయి వస్తున్నాడు. మైదుకూరు దాటాక ఎదురుగా పొద్దు గుంకుతోంది. ఆ సందెలో అద్దం మీది బొట్టు నిప్పుకణికలా మెరిసింది. చూశాడు. సందెవెలుగు పడిందనుకున్నాడు. ఎంత బాగుంది అని కూడా అనుకున్నాడు.

"బొట్టు కింద ఉండాది దీపం" అన్నాడు సలాం. గోరు చాచాడు.

నబీ రసూల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"గీకొద్దు భాయ్."

"ఫోటో తీసి పంపు మీ అంగడి శెట్టికి. నీ తప్పేముండాది?"

"పంపి ఏమని చెప్పేది? రమణమ్మ వదినమ్మ పెట్టిన బొట్టుతో బండి చెడిందని చెప్పల్నా? బిడ్డకు ఏడో నెల. ఈ పొద్దే ఒడి నింపుతాండాది. నా చెయ్యి మంచిది గాదని ఆమె కుమిలిపోతాది."

"పని పోతాది కదా నీకు."

"పోనీ. దొంగనని పోలేదు కదా. కండ్లు కనపడవని పోతాండా. అది మోసుకోవచ్చు."

సలాం గోరు వెనక్కు తీసుకుని, తాళం ఆపేశాడు.

మరుసటి రోజు బస్సులో పార్సిల్ వచ్చింది. కొత్త డబ్బా, కొత్త సెన్సరు బిగించి, పెట్టెతో పాత రాతలన్నీ చెరిపేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పులివెందుల నుంచి తిరుగుదారిలో యోగానంద, రమణమ్మ బాడుగ కారులోనే షెడ్డుకు వచ్చారు. ప్రొద్దుటూరు నుంచి పవన్‌కుమార్ మోటారు సైకిలు మీద వచ్చాడు. పెట్రోలు సంగతి, దీపం సంగతి తండ్రి ఫోన్లో చెప్పినట్టున్నాడు. నబీ రసూల్‌ను చూసి, తల దించుకుని, హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతులు మార్చుకున్నాడు.

"బిడ్డ ఎట్లుండాది వదినమ్మా?" అని అడిగాడు నబీ రసూల్.

"బాగుండాది. నిన్ను అడిగింది. రసూల్ మామ రాలేదేమని అడిగింది" అంది రమణమ్మ. క్యారియర్లు ఎక్కించడానికి వెనక డోరు తెరిచి, లోపలికి ఎక్కి సీట్లు సర్దుతోంది. షెడ్డు మీద మబ్బు కమ్మి బండి లోపల సందెలా ఉంది.

పవన్‌కుమార్ సలాం దగ్గరికి వెళ్లాడు. "ఆ దీపం నాకు సూపియ్ మేస్త్రీ. నేను రోజూ మీటరు ఫోటో తీస్తాంటి. నా ఫోటోల్లో గూడా యాడా ల్యా."

సలాం ఒకసారి నబీ రసూల్ వైపు చూసి, కిటికీలోంచి వంగి తాళం తిప్పాడు. "ఇంజన్ స్టార్టు కాకముందు, బండి బాగున్నా సరే, దీపం ఒకసారి వెలగాల. నేను బతికే ఉండా అని చెప్పుకున్నట్ల. స్టార్టు అయినంక ఆరిపోవాల."

మీటరులో ఎర్రవి, పచ్చవి వెలిగాయి.

"వెలగలేదే!" పవన్‌కుమార్ గొంతులో ఆశ వినపడింది. "నాయనా, బల్బే పోయింది సూడు. బల్బు పోతే మనిషేం సేస్తాడు?"

యోగానంద దగ్గరికి వచ్చాడు. సలాం ఔనని గానీ కాదని గానీ అనలేదు. నబీ రసూల్ ఊ అంటే చాలు, తప్పు బల్బు మీదికి పోతుంది. అతను ఆ ఒక్క మాటను మింగేశాడు.

"బల్బు బాగుండాది" అన్నాడు. "నేను సూడలేదు. అంతే."

వెనక సీట్లో రమణమ్మ ముందుకు వంగి ఉంది. రెండు సీట్ల నడుమ నుంచి ఆమె చూపు మీటరు మీద ఆగింది. ఎంతసేపు చూసిందో. నీళ్ల సీసా మూత తిప్పిన శబ్దం వచ్చింది. చీర కొంగు కొసను తడుపుకుని, సీట్ల సందులోంచి చెయ్యి చాచి, స్టీరింగ్ లోపలి నుంచి అద్దం మీద పెట్టింది. మొదట కుంకుమ కరిగింది. తర్వాత గంధం, పసుపు. నాలుగుసార్లు తుడిచింది.

పసుపుపచ్చ దీపం ఆమె కొంగు పక్కన వెలుగుతోంది.

"స్టార్టు సెయ్యప్పా" అంది.

సలాం తాళం ఇంకొంచెం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. దీపం ఆరిపోయింది.

"నేనే పెట్టినా దీన్ని" అంది రమణమ్మ, ఎవరి వైపూ చూడకుండా. తర్వాత నబీ రసూల్ వైపు చూసింది. "నీకు తెలుసునా?"

"నిన్న మధ్యాన్నం తెలిసింది వదినమ్మా."

"మరి నోరుండాది కదా నీకు."

"నేనూ సూసినానులే. మఠం నుంచి వస్తాన్నప్పుడు. సందెలో బొట్టు మెరిసింటే, బాగుండాదే అనుకుంటి. తప్పు నీ ఒక్కదానిదే గాదు. బొట్టు పెట్టినోళ్లది సగం, సూసి మురిసినోనిది సగం."

రమణమ్మ నవ్వబోయింది. కండ్లలో నీళ్లు వచ్చాయి. ఆ కొంగుతోనే తుడుచుకుంటే చెంప మీద పసుపు అంటుకుంది. బండి దిగి, సంచీలోంచి పసుపుకుంకాల డబ్బా తీసుకుని, నేరుగా సలాం అలమర దగ్గరికి వెళ్లింది.

"ఆ పెట్టె ఇట్లియ్యి నాయనా. మా రసూలు పేరు నిలబెట్టింది. దీనికి పెడతా."

సలాం పెట్టెను రెండు చేతులా పట్టుకుని, వెనక్కు తిప్పి చూపించాడు.

"పెట్టు తల్లీ. అద్దం మీద మాత్రం వద్దు."

ఈసారి అందరూ నవ్వారు. యోగానంద కూడా నవ్వి, ఆ నవ్వు చివర్లో ఆగిపోయి, రేకుల మీదికి చూశాడు. చినుకు మొదలైంది. ఆయన చెప్పులు విడిచి షెడ్డు మూలనున్న పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. సలాం పరిచిన తార్పాలిన్ మీద కూర్చున్నాడు. తన పక్కన చేత్తో తట్టాడు.

"రా రసూలూ. అన్నం తిందాం."

నబీ రసూల్ తన చేతుల వైపు చూసుకున్నాడు. గణుపుల్లో నూనె నలుపు. సబ్బు రెండుసార్లు రుద్ది కడుక్కుని వచ్చి, ఆయన తట్టిన చోట కూర్చున్నాడు. సలాం ఇటు పక్క, పవన్‌కుమార్ ఎదురుగా. రమణమ్మ విస్తరాకులు పరిచి, వనిత అత్తగారు కట్టి పంపిన క్యారియర్లు విప్పింది. చిత్రాన్నం, పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ, తియ్యటి ఓళిగలు. అందరికీ వడ్డించి, తానూ ఒక ఆకు వేసుకుని కూర్చుంది.

పవన్‌కుమార్ జేబులోంచి ట్యాంకు మూత చెవి తీశాడు. బండి తాళాల గుత్తి తార్పాలిన్ మీద ఉంది. దాన్ని తీసుకుని, ఆ చెవిని గుత్తికి ఎక్కించాడు. రింగు గట్టిగా ఉంది, గోరు పెట్టి విడదీయాల్సి వచ్చింది. గుత్తిని నబీ రసూల్ ఆకు పక్కన పెట్టాడు.

"మామా, తిను" అన్నాడు.

నబీ రసూల్ బిస్మిల్లా అనుకున్నాడు. ఆ వెంటనే, కొండలు కనపడలేదని పట్టుబట్టిన ఆ ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా ఒకసారి తలుచుకున్నాడు. మొదటి ముద్ద కలిపాడు.

రేకుల మీద వాన గట్టిపడింది. యోగానంద తన ఆకులోని రెండో ఓళిగను తీసి, అడగకుండా, నబీ రసూల్ ఆకులో పెట్టాడు. అతను దాన్ని సగానికి తుంచి సగం తిరిగి ఆయన ఆకులో పెట్టాడు. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.